"దేవుడున్నాడా అమ్మా?" ఏ జవాబు మేలు?

విజయవాడలో పెరిగే పిల్లలు "దేవుడున్నాడా?" అని మొదటే అడగరు. "ఎవరి దేవుడు నిజం?" అని మొదలుపెడతారు. ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మ, గుణదల కొండ మీద మేరీమాత, పక్క వీధి మసీదులోంచి పూటపూటా వినిపించే అజాన్, పటమటలో నాస్తిక కేంద్రం. అన్నీ ఒకే ఊళ్ళో, ఒక పూటలో చుట్టి రాగలిగేంత దగ్గరలో ఉన్నాయి. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే గుణదల తిరునాళ్ళకు క్రైస్తవులే కాదు, నుదుట బొట్టుతో, చేతిలో కొబ్బరికాయతో కూడా ఎందరో కొండెక్కుతారు, తలనీలాలు ఇస్తారు. దసరాకు ఊరంతా ఎర్రబట్టల భవానీలే. ఇవన్నీ చూసే పిల్లకు ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి ఒక చిక్కు ఎదురవుతుంది: ఒకరి దేవుడు నిజమైతే మిగతావాళ్ళ సంగతేంటి? అక్కణ్ణుంచి "అసలు ఉన్నాడా?" దాకా రావడానికి ఎంతోసేపు పట్టదు.

మా ఇంట్లో నేను నమ్మేదాన్ని. మా ఆయన నమ్మరు. అత్తయ్యగారు పూజ కానిదే మంచినీళ్ళు కూడా ముట్టరు. అమ్మాయికి 11 ఏళ్ళు, పిల్లాడికి 6. కాబట్టి మా గుమ్మంలో ఈ ప్రశ్నకు ఒకే జవాబు దొరకదు. బంధువుల ఇళ్ళలో, ఇరుగుపొరుగులో విన్నవి కూడా కలుపుకుంటే నాలుగు రకాల జవాబులు కనిపిస్తాయి. ఉన్నాడని గట్టిగా చెప్పేవాళ్ళు కొందరు, లేడని అంతే గట్టిగా చెప్పేవాళ్ళు కొందరు. "పెద్దయ్యాక తెలుస్తుందిలే" అని దాటేసేవాళ్ళు చాలామంది. తమ నమ్మకాన్ని తమదిగా చెప్పి, మిగతావాళ్ళు ఎందుకు వేరుగా అనుకుంటున్నారో కూడా చెప్పేవాళ్ళు కొద్దిమంది. వీటిలో ఏది మేలో తేల్చుకోవడానికి నేను చూసేది ఒక్కటే. ఆ జవాబు విన్న పిల్ల, రేపు ఇంకో సందేహం వస్తే మళ్ళీ మన దగ్గరికి వస్తుందా?

"ఉన్నాడు" అనే జవాబు బలం నాకు తెలుసు, నేను అందులోనే పెరిగాను. చీకటి గదిలోకి వెళ్ళడానికి జంకే పిల్లాడికి "ఆంజనేయస్వామిని తలుచుకో నాన్నా" అంటే ధైర్యం వస్తుంది. దసరాల్లో మూలానక్షత్రం రోజున అమ్మవారు సరస్వతీదేవి అలంకారంలో ఉంటుంది. ఆ రోజు కొండ మీద క్యూలన్నీ చదువుకునే పిల్లలతో కిక్కిరిసిపోతాయి. ఆ తోపులాటలో అమ్మ చెయ్యి పట్టుకుని నడిచిన పిల్లకు తను ఈ ఊరి పిల్లనన్న భావం ఎవరూ చెప్పకుండానే కలుగుతుంది. పైగా ఆరేళ్ళ వయసు కథలతో ఆలోచించే వయసు. నానమ్మ చెప్పే కృష్ణుడి కథలు వినకుండా పెరగడం పిల్లలకు పెద్ద లోటని నా గట్టి నమ్మకం.

కానీ మన ఇళ్ళలో "ఉన్నాడు" అన్న మాట వెనకే "కళ్ళు పోతాయి, లెంపలేసుకో" కూడా వస్తుంది. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళు పోతాయి. ప్రసాదం వద్దంటే కళ్ళు పోతాయి. చెప్పే మనకు అది ఊతపదం, వినే పిల్లలకు కాదు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే 1930ల మొదట్లో పిల్లలకు ఒక చిన్న కథ చెప్పి ప్రశ్న అడిగాడు. ఇద్దరు పిల్లలు తోటలో యాపిల్ పళ్ళు దొంగిలించారు. ఒకడు దొరికిపోయాడు. పారిపోయిన రెండోవాడు ఇంటికి వెళ్తూ పుచ్చిపోయిన వంతెన దాటబోయి నీళ్ళలో పడ్డాడు. దొంగతనం చేయకుండా అదే వంతెన ఎక్కి ఉంటే పడేవాడా? పెద్ద పిల్లల్లో చాలామంది వంతెన పుచ్చింది కాబట్టి ఎలాగైనా పడేవాడే అన్నారు. చిన్నపిల్లల్లో ఎక్కువమంది పడేవాడు కాదన్నారు. దొంగతనం చేశాడు కాబట్టే వంతెన విరిగిందని వాళ్ళ లెక్క. అంటే తప్పు చేస్తే లోకమే శిక్షిస్తుందని నమ్మడం ఆ వయసుకు సహజం. దానికి మనం "దేవుడు చూస్తున్నాడు జాగ్రత్త" అని తోడు చేస్తే, జ్వరం వచ్చిన ప్రతిసారీ పిల్లాడు తన తప్పేమిటా అని వెతుక్కుంటాడు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగుకు గండ్లు పడి మా ఊళ్ళోని సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట నీట మునిగినప్పుడు ఈ సంగతి నాకు బాగా అర్థమైంది. ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు కిందికి వదులుతున్నారు. వారం తిరక్కుండానే 7వ తేదీన వినాయక చవితి వచ్చింది, అప్పటికీ ఎన్నో వీధుల్లో నీళ్ళున్నాయి. మా అమ్మాయి అడిగింది: "అమ్మా, అమ్మవారు కొండ మీదే ఉంది కదా, మరి ఎందుకు ఆపలేదు?" కాసేపటికి రెండోది: "సింగ్ నగర్ వాళ్ళు ఏం తప్పు చేశారు?" మొదటి ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు, ఆ మాటే దానికి చెప్పాను. రెండోదానికి మాత్రం ఒక్క క్షణం ఆలస్యం చేయకూడదు. "వాళ్ళు ఏ తప్పూ చేయలేదు తల్లీ. వానలు విపరీతంగా పడ్డాయి, బుడమేరు కట్ట తెగింది, వాళ్ళ ఇళ్ళు పల్లంలో ఉన్నాయి" అని అప్పటికప్పుడు చెప్పాలి. దేవుణ్ణి కాపలావాడిగా, శిక్షవేసే అధికారిగా పరిచయం చేసిన ఇంట్లో ఈ రెండో ప్రశ్నకు సరైన జవాబు చెప్పడం కష్టం. పిల్ల అప్పటికే తనకు తానే జవాబు చెప్పేసుకుని ఉంటుంది.

"లేడు" అనే జవాబు మా ఊరికి కొత్తేమీ కాదు. గోరాగా అందరికీ తెలిసిన గోపరాజు రామచంద్రరావు వృక్షశాస్త్రం బోధించే అధ్యాపకుడు. నాస్తికత్వం వల్ల ఉద్యోగాలు పోగొట్టుకున్నాడు. 1940లో భార్య సరస్వతితో కలిసి కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. 1947లో అది పటమటకు వచ్చింది. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టుకున్న ఇల్లు అది. నేను దేవుణ్ణి నమ్ముతాను, అయినా ఆ ఇంటిని గౌరవంగా చూస్తాను. అక్కడి పిల్లలు "లేడు" అన్న ఒక్క మాట విని ఊరుకోలేదు. కులం పట్టింపు లేని సహపంక్తి భోజనాల్లో అందరి పక్కనా కూర్చుని తిన్నారు. పెద్ద కూతురు మనోరమకు దళిత కుటుంబం నుంచి వచ్చిన అర్జునరావుతో 1948లో గాంధీ ఆశ్రమమున్న సేవాగ్రామంలో పెళ్ళి చేశారు. దేవుణ్ణి పక్కన పెట్టిన చోట చేయడానికి ఇంత పని పెట్టుకున్నారు.

నా చుట్టూ కనిపించే "లేడు" చాలాసార్లు ఇంత నిండుగా ఉండదు. "మీ నానమ్మకేం తెలుసులే, అంతా మూఢనమ్మకం" అనే మాటతో మొదలై అక్కడే ఆగిపోతుంది. ఆరేళ్ళవాడికి తత్వం అర్థం కాదు, వెటకారం మాత్రం వెంటనే అబ్బుతుంది. మర్నాడు బడిలో పక్క పిల్లతో "మీ దేవుడు ఉత్తిదే" అంటాడు, ఆ పిల్ల ఏడుస్తుంది. పదేళ్ళు దాటిన పిల్లలైతే పరీక్షకు ముందు దణ్ణం పెట్టుకోవాలనిపించి నాన్న కంటపడకుండా పెట్టుకుంటారు. దేవుడి భయం పోయి నాన్న భయం వచ్చిందంటే ఆ పిల్లకు ఒరిగిందేమీ లేదు. ఒక మేలు మాత్రం ఒప్పుకోవాలి. గ్రహణం రోజున మన ఇళ్ళలో తలుపులు మూసి కూర్చుంటే, ఆ ఇళ్ళ పిల్లలు సరైన అద్దాలు పెట్టుకుని మేడ మీద నిలబడి చూస్తారు. ఆ స్వేచ్ఛ నమ్మే ఇళ్ళ పిల్లలకూ రావాలి.

"పెద్దయ్యాక తెలుస్తుందిలే" గురించి ఎక్కువ చెప్పను. నాలుగింటిలో నేను అన్నిటికంటే కింద పెట్టేది దీన్నే. పిల్లకు అర్థమయ్యేది ఒక్కటే, ఇది అమ్మను అడగకూడని విషయమని. ఆ తర్వాత యూట్యూబ్‌ను అడుగుతుంది. "నీ ఇష్టం, నువ్వే తేల్చుకో" అనే కొత్తతరం మాట పైకి గౌరవంగా వినిపిస్తుంది గానీ, ఆరేళ్ళవాడి విషయంలో అదీ దాటేయడమే. వాడికి కావలసింది ముందు అమ్మ ఏమనుకుంటుందో తెలియడం.

నాకు మేలనిపించేది నాలుగోది. అది చెప్పడానికి కాస్త ఓపిక, ఇంట్లో కాస్త ఒప్పందం కావాలి. మా పిల్లాడు అడిగినప్పుడు నేను "నేనైతే ఉన్నాడనుకుంటాను నాన్నా. దణ్ణం పెట్టుకుంటే నాకు మనసు కుదుటపడుతుంది. మీ నాన్న లేడనుకుంటారు. ఎందుకో వెళ్ళి ఆయన్ని అడుగు" అన్నాను. వాడు వెళ్ళి అడిగాడు. ఆయన "ఎవరూ నాకు చూపించలేదురా, చూపించేదాకా నమ్మలేను. కానీ మీ అమ్మ తెలివైంది, ఆమె ఊరికే నమ్మదు" అన్నారు. వాడికి ఆ రోజుకు అది సరిపోయింది. ఇద్దరూ చెప్పింది వేరు, ఇద్దరూ ఒకరినొకరు తీసిపారేయలేదు. వాడు గమనించింది ఈ రెండోదాన్నే అని నా నమ్మకం.

గాంధీ, గోరాల మధ్య నడిచిన సంభాషణ నాకు ఇందుకే ఇష్టం. "నా ఆస్తికత్వం ఒప్పనీ, మీ నాస్తికత్వం తప్పనీ చెప్పలేను, మనమంతా సత్యాన్ని వెతికేవాళ్ళం" అని గాంధీ గోరాతో అన్నాడు. మనోరమ పెళ్ళి తన చేతుల మీదుగా జరిపిస్తానని ఒప్పుకుని, దేవుడి పేరు బదులు సత్యం పేరున ప్రమాణం చేయించడానికి సిద్ధపడ్డాడు. పెళ్ళి నాటికి ఆయన లేడు, అయినా అది సేవాగ్రామంలోనే జరిగింది. అంత భక్తుడు అంత నాస్తికుడి కూతురి పెళ్ళి గురించి అలా ఆలోచించగలిగాడని మా అమ్మాయికి చెప్పాను. పదకొండేళ్ళ పిల్లకు ఇది బాగానే అర్థమవుతుంది.

అత్తయ్యగారు దీనికి ఒప్పుకోలేదు. "పిల్లల బుర్రలో ఇన్ని అనుమానాలు పెడితే రేపు కష్టమొస్తే దేన్ని పట్టుకుంటారమ్మాయ్?" అన్నారు. ఇది తేలిగ్గా కొట్టిపారేయాల్సిన మాట కాదు. ఆమె జీవితంలో కష్టాలన్నీ ఆ దీపం ముందు కూర్చునే దాటారు. ఆమె తన పిల్లలకు నేర్పిన పద్యాలనే నేను గుర్తుచేశాను. పోతన భాగవతంలో ప్రహ్లాదుడు "ఇందుగలడందులేడని సందేహము వలదు" అంటాడు. అదే భాగవతంలో మొసలి నోట చిక్కిన గజేంద్రుడు "కలడు కలండనెడివాడు కలడో లేడో" అని పైకే అనుమానపడతాడు. ఆ మాట అన్నందుకు విష్ణువు రాకుండా ఊరుకోలేదు. సందేహం రావడం భక్తికి అపచారమైతే పోతన ఆ పద్యం రాసేవాడే కాదు, మన పెద్దలు దాన్ని పిల్లలకు కంఠతా పట్టించేవాళ్ళూ కాదు. ఆమె ఇంకా పూర్తిగా సమాధానపడలేదు. కానీ ఆ రోజు నుంచి మా ఇంట్లో "కళ్ళు పోతాయి" అన్న మాట వినపడలేదు, నాకది చాలా పెద్ద విషయం.

వయసును బట్టి ఈ జవాబూ మారాలి. ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికను మన దేశం 1992లో ఒప్పుకుంది. అందులో 14వ అధికరణం పిల్లలకు ఆలోచన, అంతరాత్మ, మత స్వేచ్ఛ ఉన్నాయంటుంది. దారి చూపే హక్కు తల్లిదండ్రులకు ఉందనీ, అది పిల్లల ఎదుగుదలకు తగ్గట్టు ఉండాలనీ అంటుంది. మా ఇంట్లో దీని అర్థం ఇదీ. పిల్లాడు నాతో గుడికి వస్తాడు, వాళ్ళ నాన్న అడ్డు చెప్పరు. అమ్మాయి ఈమధ్య వ్రతంలో కూర్చోనంది, సరేనన్నాను. పూజ దగ్గర కూర్చోవడం, కూర్చోకపోవడం దాని ఇష్టం. నానమ్మ కథ చెబుతుంటే ఎగతాళి చేయడం మాత్రం కుదరదు. "అయ్యో, ఆడపిల్లను ఇలా వదిలేశావేంటి" అనే బంధువులకు నేనే జవాబు చెబుతాను, దాన్ని చెప్పనివ్వను.

ఒక్కచోట ఈ నాలుగో జవాబు పనికిరాదు. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు. "తాతయ్య దేవుడి దగ్గరికి వెళ్ళాడా?" అని అడిగే పిల్లాడికి "కొందరు అలా అనుకుంటారు, కొందరు అనుకోరు" అని చెప్పడం నిర్దయ. ఆ ఇంటి నమ్మకం ఏదైతే అది సూటిగా చెప్పడమే అప్పుడు మేలు. నమ్మే ఇంట్లో "వెళ్ళాడు నాన్నా" అంటే చాలు. "దేవుడికి నచ్చినవాళ్ళను తీసుకెళ్ళిపోతాడు" అని మాత్రం అనకండి. తను కూడా దేవుడికి నచ్చుతాడేమో, అమ్మ నచ్చుతుందేమో అని ఆ రాత్రి నుంచి పిల్లాడికి నిద్ర పట్టదు. నమ్మని ఇంట్లో "తాతయ్య ఇక రాడు, ఆయన్ని మనం రోజూ తలుచుకుందాం" అని చెప్పొచ్చు. ఏ ఇంట్లోనైనా ఆ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉంటుంది, "నువ్వు కూడా వెళ్ళిపోతావా?" అని. ముందు దానికి జవాబు చెప్పి, పక్కన పడుకోబెట్టుకోవాలి. దేవుడున్నాడా లేడా అన్నది కొన్నాళ్ళ తర్వాత, వాడే మళ్ళీ ఎత్తినప్పుడు మాట్లాడుకోవచ్చు.