రౌక్ అప్‌డేటర్: బస్సు తెరల మీద ఏళ్ల వాడకం తర్వాత

బస్సు పన్నెండు, పదిహేనేళ్లు తిరుగుతుంది. తర్వాతి స్టాపు చూపించే తెర వెనక లైనక్స్ బోర్డు ఉంటే, దాని సాఫ్ట్‌వేర్‌నీ అన్నేళ్లూ సాకాలి. ఆ పనికి రౌక్ (RAUC, ఇలాంటి లైనక్స్ బోర్డుల్ని అప్‌డేట్ చేసే సాఫ్ట్‌వేర్) నిజంగా నమ్మదగ్గది. బోర్డు మెమరీలో సిస్టమ్‌కి రెండు స్లాట్లు, అంటే రెండు చోట్లు ఉంటాయి. డిజిటల్ సంతకం ఉన్న బండిల్‌ని (అప్‌డేట్ ఫైలుని) వాడకంలో లేని స్లాట్‌లోకి రాస్తుంది, మొత్తం రాశాకే బూట్ క్రమం మారుస్తుంది. మధ్యలో డ్రైవర్ కీ తీసేసినా పాత వెర్షన్ లేస్తుంది.

ఇబ్బందంతా దాని చుట్టూ మనం కట్టుకునే దాంట్లోనే.

అన్నిటికంటే ముందు మార్క్-గుడ్, అంటే కొత్త స్లాట్ సరిగ్గా లేచిందని గుర్తు పెట్టడం. యోక్టో (బోర్డుకి లైనక్స్ ఇమేజ్ తయారుచేసే సాధనం) లేయర్‌తో వచ్చే సర్వీసు, సిస్టమ్‌డీలో బూట్ పూర్తయిందని చెప్పే బూట్-కంప్లీట్ టార్గెట్ దాటగానే స్లాట్ బాగుందని రాసేస్తుంది. తెర నల్లగా ఉన్నా సరే! అందుకే తెర మీద మొదటి ఫ్రేమ్ పడిందా, బ్యాక్‌లైట్ వెలిగిందా అని చూసే సర్వీసు ఒకటి ఆ టార్గెట్ కంటే ముందు పెట్టి, అది విఫలమైతే టార్గెట్ చేరకుండా కట్టండి. తెలుగు బోర్డులుంటే ఇమేజ్ విడుదలకి ముందే ‘శ్రీశైలం’ అని రాయించి చూడండి. బిల్డ్‌లో హార్ఫ్‌బజ్ (అక్షరాల్ని కలిపి సరైన రూపమిచ్చే లైబ్రరీ) జారిపోతే వత్తులు విడిపోతాయి, బూట్ పరీక్షలన్నీ మాత్రం పాసవుతాయి.

డిపోలో బండి కీ వేసి తీసి, మళ్లీ వేయడం మామూలే. లైనక్స్‌ని లేపే బూట్‌లోడర్ యూ-బూట్‌లో రౌక్ కోసం పెట్టే స్క్రిప్టు మామూలుగా స్లాట్‌కి 3 ప్రయత్నాలే ఇస్తుంది. మార్క్-గుడ్ దాకా రాకముందే మూడుసార్లు కరెంటు పోతే మంచి వెర్షన్ కూడా వెనక్కి పోతుంది. రెండు స్లాట్ల లెక్కా సున్నా అయితే మళ్లీ 3కి తెచ్చే వరసలు బూట్ స్క్రిప్టులో ఉండాల్సిందే. ఈ లెక్కలు దాచే యూ-బూట్ ఎన్విరాన్‌మెంట్‌కి రెండు కాపీలు పెట్టండి. ఒకటి రాస్తుండగా కరెంటు పోయినా రెండోది మిగులుతుంది.

ఇమేజ్ 600 ఎంబీ ఉంటే స్లాట్‌కి 1.5 జీబీ ఇవ్వండి. రోడ్డెక్కిన బండిలో పార్టిషన్ మార్చడం పెద్ద ప్రమాదం. ఫ్లాష్ మెమరీ రాసేకొద్దీ అరుగుతుంది, అందుకే లాగ్‌లు ర్యామ్‌లోనే ఉంచండి. బోర్డు మీది ఫ్లాష్ చిప్ ఈఎంఎంసీ 5.0 నుంచి, దాని రిజిస్టరు ఎక్స్‌టెండెడ్ సీఎస్‌డీలో 268, 269 బైట్లు అరుగుదల చెబుతాయి: 1 అంటే 10 శాతం లోపు, దశాంశంలో 10 అంటే 90 దాటింది. 8 వచ్చిన బోర్డుని సర్వీసుకొచ్చినప్పుడే మార్చేయడం మేలు.

గడియారం విషయం చాలామంది మరిచిపోతారు. డ్యాష్‌బోర్డు వేడికి బోర్డు గడియారం చిప్ (ఆర్‌టీసీ) బ్యాటరీ చచ్చి బోర్డు 1970లో లేస్తే, సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదంటూ రౌక్ బండిల్‌ని తోసిపుచ్చుతుంది. జీపీఎస్ నుంచి టైము తీసుకున్నా చిక్కే: పాత రిసీవర్లు వారాల లెక్క తిరగబడినప్పుడు 1024 వారాలు వెనక్కి పోతాయి. మొన్నది 2019 ఏప్రిల్‌లో జరిగింది, తర్వాతిది 2038 నవంబరులో. రౌక్ కీరింగ్ (నమ్మే సర్టిఫికెట్ల ఫైలు) సెట్టింగుల్లో బండిల్ సంతకం చేసిన సమయాన్నే వాడమంటే ఈ చిక్కు తప్పుతుంది.

కీరింగ్‌లో రెండో రూట్ సర్టిఫికెట్ కూడా మొదటి రోజే వేసి, దాని సంతకపు తాళాన్ని (ప్రైవేట్ కీని) వేరే చోట భద్రపరచండి. ఉన్న ఒక్క తాళమూ పోతే ప్రతి బస్సు ప్యానెలూ విప్పి చేత్తో ఫ్లాష్ చేయాల్సి వస్తుంది.