ఐస్‌క్రీమ్ కంపెనీ సమాజానికి ఎలా ఇస్తే మేలు: లాభంలో వాటాగానా, పాల ధరలోనా, రైతు ఓటుగానా?

ఐస్‌క్రీమ్ కంపెనీని "సమాజానికి ఏం చేస్తున్నావు?" అని అడిగితే మూడు రకాల జవాబులు వస్తాయి. లాభంలో ఇంత శాతం మంచి పనులకు ఇస్తున్నాం అనేది ఒకటి. పాలు, చక్కెర, కోకో కొనేటప్పుడే న్యాయమైన ధర ఇస్తున్నాం అనేది రెండు. అసలు కంపెనీయే పాలు పోసేవాళ్లది అనేది మూడు. మొదటి రెండూ అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో పుట్టిన బెన్ అండ్ జెర్రీస్‌లో కనిపిస్తాయి. మూడోదానికి గుజరాత్ అమూల్‌ను మించిన ఉదాహరణ లేదు. చిన్న ఐస్‌క్రీమ్ యూనిట్ పెట్టాలనుకునేవాళ్లు, పాల సంఘం నడిపేవాళ్లు, ఏ డబ్బా కొనాలా అని ఆలోచించేవాళ్లు ముగ్గురూ ఈ తేడా తెలుసుకోవాలి.

ముందు డబ్బు లెక్క చూద్దాం. ఉదాహరణకు ఒక యూనిట్ రోజుకు 300 లీటర్ల గేదె పాలు కొంటుంది, ఏడాదికి 300 రోజులు నడుస్తుంది, లాభం 10 లక్షలు అనుకుందాం. కొనే పాలు 90,000 లీటర్లు. మన కంపెనీల చట్టం (2013) 135వ సెక్షన్ చెప్పే 2 శాతం లెక్కన సమాజానికి ఇచ్చేది 20,000 రూపాయలు. నిజానికి ఆ నియమం 500 కోట్ల నికర విలువో, 1,000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో దాటిన కంపెనీలకే. ఇక్కడ పోలిక కోసం చెబుతున్నాం. బెన్ అండ్ జెర్రీస్ 1985లో ఫౌండేషన్ పెట్టినప్పుడు పన్నుకు ముందు లాభంలో 7.5 శాతం ఇస్తామంది. ఆ లెక్కన 75,000. అదే యూనిట్ లీటరుకు 2 రూపాయలు ఎక్కువ ఇచ్చి పాలు కొంటే రైతుల చేతికి వెళ్లేది 1,80,000.

మూడో అంకె మొదటిదానికి తొమ్మిది రెట్లు. పైగా అది లాభం తేలాక ఇచ్చేది కాదు, లాభం వచ్చినా రాకపోయినా ఇవ్వాల్సిందే. దాని బలమూ అదే, యజమానికి భయమూ అదే. ఇంకో సంగతి: మామూలు వ్యాపారంలో భాగంగా చేసే ఖర్చును చట్టం సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద లెక్కించదు. అందుకే వార్షిక నివేదికలో బడికి కట్టిన గది ఫొటో ఉంటుంది, లీటరుకు పెంచిన రెండు రూపాయల ఊసు ఉండదు. నివేదికలు చూసి కంపెనీని మెచ్చుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

బెన్ అండ్ జెర్రీస్: మాట ఎక్కడ నిలిచింది, ఎక్కడ జారింది

బెన్ కోహెన్, జెర్రీ గ్రీన్‌ఫీల్డ్ 1978 మే 5న బర్లింగ్టన్‌లో పాత పెట్రోల్ బంకును బాగుచేసి దుకాణం తెరిచారు. ఏడాది నిండగానే ఒక రోజంతా అందరికీ కోన్ ఉచితంగా పంచారు. ఆ ఆనవాయితీ ఇప్పటికీ ఉంది. మంచి పండగే, కానీ దాన్ని సామాజిక బాధ్యత లెక్కలో వేయకూడదు. అంతకన్నా గట్టి పని 1984లో జరిగింది. కొత్త ఫ్యాక్టరీకి డబ్బు కావాల్సి వస్తే పెద్ద పెట్టుబడిదారుల దగ్గరకు పోకుండా వెర్మాంట్ వాసులకే షేర్లు అమ్మారు. మామూలు కుటుంబాలు కూడా కొనగలిగేలా కనీస మొత్తాన్ని 126 డాలర్లకే పరిమితం చేశారు.

1988లో కంపెనీ తన లక్ష్యాలను మూడు ముక్కలుగా రాసుకుంది: సరుకు నాణ్యత, వ్యాపార లాభం, సామాజిక ప్రయోజనం. మూడూ సమానమే అంది. పై జీతం కింది జీతానికి ఐదు రెట్లు మించకూడదనే నియమం కూడా ఉండేది. తర్వాత దాన్ని ఏడు రెట్లు చేశారు. 1994లో బయటి నుంచి సీఈవోను తేవాల్సి వచ్చినప్పుడు ఆ నియమాన్నే వదిలేశారు. లోపలి నియమం ఎంత మంచిదైనా, దాన్ని మార్చే అధికారం ఒకరిద్దరి చేతిలోనే ఉంటే అవసరం రాగానే పోతుంది.

కొనుగోళ్లలో వాళ్లు చేసిన వాటిలో బాగా నిలిచింది గ్రేస్టన్ బేకరీ. న్యూయార్క్ రాష్ట్రం యాంకర్స్‌లో ఉండే ఈ బేకరీ ఉద్యోగాలకు పేరు రాసుకున్నవాళ్లను వరసలో తీసుకుంటుంది. పాత కేసులున్నాయా, ఇంతకుముందు ఎక్కడ చేశారు అని అడగదు. మొదట్లో అక్కడి నుంచి వచ్చిన బ్రౌనీలు ఒకదానికొకటి అతుక్కుని దిమ్మలుగా వచ్చాయి. తిప్పి పంపకుండా వాటిని ముక్కలు చేసి ఐస్‌క్రీమ్‌లో కలిపారు. చాక్లెట్ ఫడ్జ్ బ్రౌనీ రకం అలా పుట్టింది, దశాబ్దాలుగా అమ్ముడవుతోంది. చందా ఇచ్చి ఉంటే ఒక ఏడాదితో అయిపోయేది. సరుకు కొన్నారు కాబట్టి బేకరీ నిలబడింది.

చెడిన కొనుగోలు కూడా ఉంది. 1989లో వచ్చిన రెయిన్‌ఫారెస్ట్ క్రంచ్‌లో అమెజాన్ అడవి గింజలు వేశారు, వాటి అమ్మకంతో అడవిలో బతికేవాళ్లకు ఆదాయం వస్తుందన్నారు. అక్కడి సహకార సంఘం అంత సరుకు అందించలేకపోయింది. గింజల్లో ఎక్కువ భాగం మామూలు వ్యాపారుల దగ్గర కొనాల్సి వచ్చింది. తప్పు ఉద్దేశంలో లేదు, వరసలో ఉంది. సంఘం నెలకు ఎన్ని కిలోలు ఇవ్వగలదో తూచకుండానే ముందు డబ్బా మీద మాట ముద్రించారు. చిరుధాన్యాల కోనో, తాటిబెల్లం ఐస్‌క్రీమో చేసి "గిరిజన మహిళల దగ్గర కొన్నది" అని రాయాలనుకునే మనవాళ్లు దీన్ని రెండుసార్లు చదవాలి.

2000లో బహుళజాతి సంస్థ యూనిలీవర్ 32.6 కోట్ల డాలర్లకు కంపెనీని కొంది. సామాజిక లక్ష్యం కాపాడడానికి స్వతంత్ర బోర్డు ఉంటుందని ఒప్పందంలో రాసుకున్నారు. డబ్బు వ్యవహారాలు మాత్రం కొన్నవాళ్ల చేతికి వెళ్లాయి. 2021లో, ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతాల్లో అమ్మకాలు ఆపుతామని బెన్ అండ్ జెర్రీస్ ప్రకటించింది. 2022లో యూనిలీవర్ అక్కడి వ్యాపారాన్ని స్థానిక లైసెన్సుదారుకే అమ్మేసింది. బోర్డు సొంత యజమాని మీదే కోర్టుకెక్కింది. 2025 సెప్టెంబరులో, స్వతంత్రత పోయిందంటూ జెర్రీ గ్రీన్‌ఫీల్డ్ కంపెనీ నుంచి తప్పుకున్నారు. అమ్మకాలు ఆపాలన్న నిర్ణయం ఒప్పా తప్పా అన్న చర్చ ఎలా ఉన్నా, ఎవరికైనా అర్థమయ్యేది ఒకటే: షేర్లు ఎవరివో చివరి మాట వాళ్లది.

అమూల్: పాలు పోసినవాళ్లదే పెత్తనం

ఖేడా జిల్లా రైతులు 1946లో పాలు పోయడం మానేసి పదిహేను రోజులు సమ్మె చేశారు. బొంబాయి పాల పథకం కోసం పాల్సన్ కంపెనీకే పాలు అమ్మాల్సిన పరిస్థితి వాళ్లది. ధర కాంట్రాక్టర్లు చెప్పిందే. సర్దార్ పటేల్ సలహాతో, త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో ఆ ఏడాది డిసెంబరు 14న సహకార యూనియన్ రిజిస్టరైంది, అదే తర్వాత అమూల్ అయింది. దాన్ని పెద్ద సంస్థగా నిలబెట్టిన వర్ఘీస్ కురియన్ 1949లో ఆనంద్ పట్టణానికి వచ్చారు. అమూల్ ఐస్‌క్రీమ్ మొదలైంది 1996లో, అంటే అర్ధ శతాబ్దం తర్వాత. ఇక్కడ ముందు సంఘం పుట్టింది, ఐస్‌క్రీమ్ దాని సరుకుల్లో ఒకటి.

మూడంచెల పద్ధతి మనకు కొత్త కాదు. ఊళ్లో సంఘం, జిల్లాకు యూనియన్, రాష్ట్రానికి సమాఖ్య. ఎన్ని గేదెలున్నా సభ్యుడికి ఓటు ఒకటే. పశువైద్యం, కృత్రిమ గర్భధారణ, దాణా సరఫరా యూనియన్ పనుల్లో భాగం. వాటిని దానమని ఎవరూ అనరు. ఇది కంపెనీ కాదు, సహకార సంస్థ కాబట్టి కంపెనీల చట్టంలోని 2 శాతం నియమం దీనికి తగలదు. తగలకపోయినా లోటేమీ లేదు, ఎందుకంటే ఇక్కడ మిగులు వెళ్లాల్సింది సభ్యులకే.

ఐస్‌క్రీమ్ వ్యాపారంలో బయటివాళ్లు గమనించని చిక్కు ఒకటుంది. ఐస్‌క్రీమ్ అమ్ముడయ్యేది ఎండాకాలంలో. అప్పుడు పచ్చిగడ్డి ఉండదు, గేదెలు వట్టిపోతాయి, పాలు తగ్గుతాయి. చలికాలంలో పాలు పొంగిపొర్లుతాయి, ఐస్‌క్రీమ్ అడిగేవాడు ఉండడు. ఎండాకాలంలో ఎక్కువ ధర ఇచ్చి కొని, డిసెంబరులో "ఈ వారం పాలు వద్దు" అనే కంపెనీ ఏడాది మొత్తం మీద రైతుకు మేలు చేసినట్టు కాదు. యూనియన్‌కు పాలపొడి, వెన్న చేసే యంత్రాలుంటాయి కాబట్టి మిగులు పాలు కూడా పోయించుకోగలదు. గేదె పాలతో పొడి చేయడం సాధ్యం కాదని నిపుణులు అంటున్న రోజుల్లో ఆనంద్‌లో డెయిరీ ఇంజనీర్ హెచ్.ఎం. దలాయా చేసి చూపించింది అందుకే అంత ముఖ్యమైంది. మా దృష్టిలో పాడి రైతుకు ఐస్‌క్రీమ్ కంపెనీ చేయగల అతి పెద్ద మేలు చలికాలంలో పాలు కొనడమే.

సహకార సంఘం కూడా కొందరిని చూడదు. ఓటు పశువు ఉన్నవాళ్లకే. ప్లాంటులో కాంట్రాక్టు కూలీకి, ట్యాంకర్ డ్రైవర్‌కు లేదు. పాలు పితికేది ఆడవాళ్లు, పాసుపుస్తకంలో పేరు మగవాళ్లది కావడం చాలా ఊళ్లలో మామూలే. ఈ లోటును నేరుగా సరిదిద్దినవాళ్లు తెలంగాణలో ఉన్నారు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నడుస్తున్న ములుకనూరు మహిళా డెయిరీలో సభ్యులంతా ఆడవాళ్లే. ప్రభుత్వ వాటా లేకుండా, అధికారుల పెత్తనం లేకుండా నడుపుకోవడానికి ఆ చట్టం వీలు కల్పించింది. పేరుమోసిన డెయిరీ ఏదైనా మీ ఊరికి వచ్చి పాలు పోయమంటే ధర ఒక్కటే అడగొద్దు. "మాకు సభ్యత్వం ఇస్తారా, ఓటు ఏ స్థాయి దాకా ఉంటుంది?" అని అడగండి. ఓటు లేకపోతే, బోర్డు మీద సహకార సంఘమని రాసి ఉన్నా మీ వరకు అది కొనుగోలు కేంద్రమే.

కూలీల సంగతిలో వెర్మాంట్ ముందుంది

అక్కడి పాల ఫారాల్లో పనిచేసేది ఎక్కువగా మెక్సికో నుంచి వచ్చిన వలస కూలీలు. వ్యవసాయ కూలీలను అమెరికా 1935 కార్మిక సంబంధాల చట్టం తన రక్షణ నుంచి బయటే ఉంచింది. బెన్ అండ్ జెర్రీస్ ఎన్ని పురస్కారాలు పొందినా, తమ పాల వెనక ఉన్న ఈ మనుషులను చూడలేదని కూలీల సంఘం మైగ్రెంట్ జస్టిస్ ఏళ్ల తరబడి పోరాడింది. 2017 అక్టోబరులో "మిల్క్ విత్ డిగ్నిటీ" ఒప్పందం మీద సంతకాలయ్యాయి. వారానికి ఒక రోజు సెలవు, రాష్ట్ర కనీస వేతనం, రెండు షిఫ్టుల మధ్య వరసగా ఎనిమిది గంటల విశ్రాంతి, పడుకోవడానికి మంచం, కరెంటు, మంచినీళ్లు ఉన్న గది. ఇవి పాటించే ఫారాలకు కంపెనీ అదనపు ధర ఇస్తుంది. తనిఖీ చేసేది వేరే సంస్థ. కూలీ ఫిర్యాదు చేసుకోవడానికి రాత్రీ పగలూ పనిచేసే ఫోన్ నంబరు ఉంటుంది. ఫారం మాట వినకపోతే కంపెనీ ఆ పాలు కొనదు.

మిగతా కార్యక్రమాలకు లేని కోరలు దీనికి ఉన్నాయి. ఎందుకంటే దీన్ని కంపెనీ తనంతట తాను రాసుకోలేదు, బాధితులే రాయించుకున్నారు.

చిన్న యూనిట్ చేతిలో ఏముంది?

అమూల్‌లా సంఘం కట్టడం అందరివల్లా కాదు, దానికి పదేళ్లు పడుతుంది. కాబట్టి మొదట కొనుగోలు సరిచేయాలి. దానం ఆ తర్వాతే.

ధర పెంచడానికి ముందు కొలత చూడాలి. కిలో వెన్నకు 800 రూపాయల లెక్కన 6.5 శాతం వెన్న ఉన్న పాలకు కిలోకు 52 రూపాయలు వస్తాయి. అదే పాలకు పరీక్షలో 6.0 అని చూపిస్తే 48. రోజుకు ఐదు కిలోలు పోసే ఇంటికి నెలకు 600 నష్టం. రెండు రూపాయలు పెంచినా అర పాయింటు తప్పితే రైతుకు మిగిలేది నష్టమే. తప్పు ఎక్కువగా నమూనాలో వస్తుంది. క్యాన్ కలియబెట్టకుండా అడుగు నుంచి తీస్తే వెన్న పైనే ఉండిపోతుంది. మిల్క్ ఎనలైజర్‌ను పూట పూటా కడగకపోతే లోపల పాలు పేరుకుని రీడింగ్ తేడా వస్తుంది. వారానికోసారి అయినా గెర్బర్ పరీక్షతో (ఆమ్లం కలిపి వెన్న శాతం కొలిచే పద్ధతి) సరిచూడాలి: 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 పాలు, 1 ఎమైల్ ఆల్కహాల్, ఐదు నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పే యంత్రం) తిప్పడం, 65 డిగ్రీల నీళ్లలో ఉంచి రీడింగ్. అది రైతు చూస్తుండగా జరగాలి.

డబ్బా మీద నిజం రాయడం కూడా బాధ్యతే. మన ఆహార ప్రమాణాల ప్రకారం ఐస్‌క్రీమ్ అనాలంటే కనీసం 10 శాతం పాల కొవ్వు ఉండాలి. వంటనూనెల కొవ్వు వాడితే అది ఫ్రోజెన్ డెజర్ట్. ఈ తేడా చెప్పబోయి అమూల్ 2017లో పోటీదారుల సరుకులో వనస్పతి ఉందన్నట్టు ప్రకటనలు వేస్తే, హిందుస్థాన్ యూనిలీవర్ వేసిన కేసులో బాంబే హైకోర్టు వాటిని ఆపమంది. రైతుల సంస్థ అయినా ఎదుటివాడి సరుకు గురించి తూచి మాట్లాడాలి. ఇక ప్లాస్టిక్ ఐస్‌క్రీమ్ పుల్లలను 2022 జూలై 1 నుంచి నిషేధించారు. చెక్క పుల్ల వాడుతున్నామని గొప్పగా చెప్పుకోవద్దు, అది చట్టం.

చివరి మనిషి తోపుడు బండివాడు. బండిలో చలి తగ్గి సరుకు మెత్తబడి మళ్లీ గడ్డకడితే మంచు పలుకులు వస్తాయి, ఎవరూ కొనరు. ఆ నష్టం చాలా చోట్ల అతని కమీషన్‌లోంచే కోస్తారు. చలి పట్టి ఉంచాల్సిన పెట్టె కంపెనీదే, పాతబడిన పెట్టెను మార్చాల్సిందీ కంపెనీయే. పొద్దున ఇచ్చేటప్పుడు సరుకు మైనస్ 18 డిగ్రీల్లో ఉందని ఇద్దరూ థర్మామీటరు చూసి చీటీ మీద రాసుకోవాలి. సాయంత్రం మెత్తబడి తిరిగొచ్చిన సరుకులో కనీసం సగం కంపెనీ ఖాతాలో పడాలి. ఉచితంగా కోన్లు పంచే రోజు పెట్టుకోవాలంటే, ముందు ఈ చీటీ పుస్తకం మొదలుపెట్టండి.