ఒకటిన్నర లీటరు కుక్కర్: ఒక్కరి పులగానికి భేష్, సంగటికైతే మూత చూసి కొనండి

తిరుపతిలో యూనివర్సిటీ చుట్టుపక్కల గది తీసుకుని ఒక్కరే వండుకునేవాళ్ళకు సరిపోయేది ఒకటిన్నర లీటరు కుక్కర్. రాత్రికి ఒక్కరి వంటకు ఇంతకన్నా పనికొచ్చే పాత్ర లేదు. అయితే పెట్టె మీద ఉన్న అంకెను నమ్ముకుని కొలతలు వేసుకోకూడదు. బియ్యం, పప్పు ఉబ్బుతాయి, నురగ కడతాయి. వాటితో కుక్కర్‌ను సగానికి మించి నింపకూడదు. అంటే నీళ్ళతో కలిపి 750 మిల్లీలీటర్లే మన లెక్క. గిన్నె మీద గిన్నె పెట్టే ఎత్తు కూడా ఉండదు. అన్నం, పప్పు విడివిడిగా ఒకేసారి కావాలంటే మూడు లీటర్లది తీసుకోండి.

దీనికి అచ్చంగా సరిపోయే వంట పులగం. సోనామసూరి బియ్యం 75 గ్రాములు, పొట్టు పెసరపప్పు 35 గ్రాములు, నీళ్ళు 450 మిల్లీలీటర్లు, అర చెంచా జీలకర్ర, నాలుగు మిరియాలు, ఉప్పు, అర చెంచా నూనె. ఆ నూనె రుచికి కాదు, నురగ అణచడానికి. అది లేకపోతే పప్పు పొట్టు పైకి లేచి వెయిట్ కింది గొట్టానికి అడ్డం పడుతుంది. మూత పెట్టేముందు ఆ గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూడటం ప్రతిరోజూ చేయాల్సిన పని. మూడు కూతలు వచ్చాక మంట తగ్గించి ఐదు నిమిషాలు ఉంచి దించేయండి. ఆవిరి దానంతటది పోయేలోపు చెనిక్కాయల ఊరిబిండి నూరుకోవచ్చు: వేయించిన చెనిక్కాయలు పిడికెడు, ఎండుమిర్చి మూడు, తెల్లగడ్డ రెండు రెబ్బలు, కాస్త చింతపండు, ఉప్పు. చివర్లో చిన్న ఎర్రగడ్డ వేసి కచ్చాపచ్చాగా ఒక్క తిప్పు తిప్పితే చాలు.

చిన్న కుక్కర్లో అడుగంటుతోందంటే తప్పు దాదాపు ఎప్పుడూ మంటదే. అడుగు ఇరుకు కాబట్టి పెద్ద బర్నర్ మీద పెడితే మంట పక్కలకు ఎగబాకి పిడి మాడుతుంది, ఉన్న కాసిని నీళ్ళూ వేగంగా ఆవిరైపోతాయి. చిన్న బర్నరే వాడండి. ఎంత తక్కువ వండినా పావు లీటరు నీళ్ళు తగ్గకుండా చూసుకోండి. ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్ళు అడుగుకు అయస్కాంతం అతుక్కుంటుందో లేదో అంగట్లోనే చూడాలి. మామూలు అల్యూమినియం దాని మీద వేడెక్కదు.

కందిపప్పు 50 గ్రాములు అరగంట నానబెట్టి, పావు లీటరు నీళ్ళు, పసుపు వేస్తే నాలుగైదు కూతలకు మెత్తగా ఎనపడానికి వస్తుంది. అప్పటికీ పలుకుగా ఉంటే సాధారణంగా రెండు కారణాలు. చింతపండో టమాటానో ముందే వేసుంటారు. పులుపు పప్పును ఉడకనివ్వదు. లేదా బోరు నీళ్ళు పోసుంటారు. ఆ ఉప్పు నీళ్ళదీ అదే గుణం. పప్పుకు తాగే నీళ్ళే పోయండి, పులుపు ఉడికాకే వేయండి. కుక్కర్ లోపల నల్లబడటానికీ ఎక్కువగా ఆ నీళ్ళే కారణం. వాడేసిన చింతపండు పిప్పి వేసి పది నిమిషాలు మరగనిస్తే తెల్లబడుతుంది.

ఇక సంగటి. మూత లోపలికి దూరే రకం కుక్కర్‌కు అంచు లోపలికి వంగి ఉంటుంది, నోరు చిన్నది. తెడ్డు వాలదు, వంపు కింద పిండి చిక్కుకుని పచ్చిగా మిగిలిపోతుంది. పులగానికి, పప్పుకు ఈ రకం బాగా నప్పుతుంది. సంగటికి మాత్రం దీన్ని కొనమని చెప్పలేం. వారానికి నాలుగు రాత్రులు సంగటి తినేవాళ్ళు మూత బయట కూర్చునే, నిలువు గోడల రెండు లీటర్ల రకం తీసుకోవడమే మేలు.

అందులో కొలత ఇది: నానిన బియ్యం లేదా నూకలు 30 గ్రాములు, నీళ్ళు 400 మిల్లీలీటర్లు, నాలుగు కూతలు. ఆవిరి పోయాక మూత తీసి, ఉప్పు వేసి మళ్ళీ తెర్లనిచ్చి, 80 గ్రాముల రాగిపిండి నడిమధ్యన కుప్పగా పోయండి. కలపొద్దు. తెడ్డు కాడతో కుప్పలో ఒక బొక్క పొడిచి, పైన పళ్ళెం మూసి సన్నమంట మీద ఐదారు నిమిషాలు ఉంచాలి. పిండి వేశాక కుక్కర్ మూత బిగించనే కూడదు. చిక్కటి పిండి గొట్టాన్ని మూసేస్తుంది, అడుగు మాడుతుంది. తొందరపడి ముందే కెలికితే ఉండలు కట్టి లోపల పచ్చిపిండి ఉండిపోతుంది. దించి, పిడిని గుడ్డతో గట్టిగా పట్టుకుని కెలకండి. తడిచేత్తో తాకితే అంటుకోకపోతే సంగటి అయినట్టే.

గాంధీ రోడ్డులో కొన్నా, ఆన్‌లైన్లో తెప్పించినా ఐఎస్‌ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 2347 అన్న నంబరు ఉండాలి. ఈ చిన్న సైజు రబ్బరు అన్ని అంగళ్ళలో దొరకదు, కుక్కర్‌తో పాటే ఇంకొకటి తీసుకోండి. పక్కల నుంచి ఆవిరి కారుతూ కూత ఆలస్యమైతే మార్చాల్సింది ఆ రబ్బరే.