ఇంటి నుంచి ఫోనా, సబ్ సెంటర్ నుంచి వీడియోనా? స్పెషలిస్టుకు చూపించుకోవడానికి ఏది మేలు

ఒడిశా, ఆంధ్ర సరిహద్దులో ఉన్న పర్లాకిమిడిలో మా మందుల షాపుకొచ్చేవాళ్లు కరోనా నాటి నుంచి ఒకే మాట అడుగుతున్నారు. "బాబూ, మళ్లీ దార్లు మూసేస్తే పెద్ద డాక్టరుకి ఎలా చూపించుకోవడం? ఫోన్లో చూపిస్తే సరిపోద్దా?" భయం ఊరికే రాలేదు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక సరిహద్దుకు ఆంధ్ర వైపున్న పాతపట్నం దాటడం గగనమైంది. శ్రీకాకుళం, విశాఖ డాక్టర్ల మందులు వాడేవాళ్లు ఇక్కడే చిక్కుబడ్డారు. బరంపురం మెడికల్ కాలేజీ మన ఒడిశాలోదే అయినా, బస్సు లేనప్పుడు అదీ అందలేదు.

విశాఖలో ఎప్పుడూ చూసే డాక్టరుకే వీడియో కాల్ చేయడం మొదటి దారి. లాక్‌డౌన్ మొదలైన రోజే కేంద్రం టెలీమెడిసిన్ (ఫోన్లో, వీడియోలో వైద్యం) మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం రిజిస్టరైన డాక్టరు దేశంలో ఏ మూల ఉన్న రోగినైనా చూడొచ్చు, వాట్సాప్‌లో అయినా సరే. సరిహద్దు మీద బతికే మనకు ఇది చాలా పెద్ద వరం. అదే డాక్టరుకు అదే జబ్బు కోసం నేరుగా చూపించుకుని ఆరు నెలలు దాటకపోతే దాన్ని ఫాలో అప్ కింద లెక్కేస్తారు. అప్పుడు పాత మందులు కొనసాగించడమే కాదు, బీపీకి ఇంకో మాత్ర కలపడానికీ వీలుంటుంది. అందుకే చీటీ మీద తేదీ చూసుకోండి. ఫొటో పంపేటప్పుడు కాగితం నాలుగు అంచులూ కనపడాలి. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు తెగిపోయిన ఫొటో తెస్తే నేను మందు ఇవ్వలేను.

2020 ఏప్రిల్‌లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవని ఓపీడీ రెండో దారి. ఇంట్లో కూర్చుని ఉచితంగా చూపించుకోవచ్చు. జలుబుకూ గజ్జికీ బాగానే పనికొస్తుంది. కానీ ప్రతిసారీ కొత్త డాక్టరు, కథంతా మొదటి నుంచి చెప్పాలి. మోహన, ఆర్.ఉదయగిరి కొండల్లో చాలా ఊళ్లకు సిగ్నలే సరిగా ఉండదు.

మూడోది సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) ఉన్న సబ్ సెంటర్, అంటే ఊరికి దగ్గర్లోని చిన్న సర్కారు ఆరోగ్య కేంద్రం. ఇప్పుడు బోర్డు మీద ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని ఉంటుంది. అక్కడి నుంచి ఆమె ఈ-సంజీవనిలోనే పెద్ద ఆసుపత్రి డాక్టరును కలుపుతుంది. నా మొగ్గు దీని వైపే. రోగి పక్కన చెయ్యి వేసి చూసే మనిషి ఉన్నారా లేదా అన్నదే అన్నిటికన్నా ముఖ్యమని నా నమ్మకం.

షుగర్ ఉన్న తాత ఒకాయన కాలి పుండు సంగతే చూడండి. కొడుకు ఫోన్లో తీసిన వీడియోలో అది ఎండిపోయిన గాయంలా ఉంది, చుట్టూ చర్మం నల్లగా ఉంది, అంతే. సబ్ సెంటర్లో డాక్టరు తెర మీద నుంచి అడుగుతుంటే సీహెచ్‌ఓ ఒక్కొక్కటే చూసింది. పాదం పైన నాడి అందుతోందా? రెండు పాదాల్లో ఏది వేడిగా ఉంది? అంచు నొక్కితే చీము వస్తోందా? వచ్చింది. తాతకు నొప్పి మాత్రం తెలియలేదు. ఆ నొప్పి తెలియకపోవడమే ప్రమాదం. చీము, వేడి, వాసన, స్పర్శ కెమెరాకు చిక్కవు. గుండె జబ్బుకైనా అంతే, బీపీ ఎవరో ఒకరు సరిగ్గా చూసి చెప్పకపోతే అవతల ఎంత పెద్ద స్పెషలిస్టు ఉన్నా ఊహించి రాయాల్సిందే. ఇంకో లాభమూ ఉంది. తెలుగు తప్ప రాని మామ్మ చెప్పేది ఒడియా డాక్టరుకు చేరాలంటే, రెండు భాషలూ వచ్చిన ఆ అమ్మాయి పక్కన ఉండాలి.

లోటు లేదని అనను. స్పెషలిస్టు అన్ని రోజులూ దొరకరు, మధ్యాహ్నం కరెంటు పోతే ఆ రోజు పని ఆగిపోతుంది. అయినా కొత్తగా వచ్చిన బాధ ఏదైనా ముందు అక్కడికే వెళ్లండి. ఏళ్ల తరబడి ఉన్న షుగరు, బీపీ, థైరాయిడ్‌కు రిపోర్టులు పంపి విశాఖ డాక్టరుతో మాట్లాడుకోవచ్చు.

డయాలసిస్‌కు ఈ మూడూ పనికిరావు, మనిషి వెళ్లాల్సిందే. గుండెల్లో నొప్పి, మూతి వంకర పోవడం, గర్భిణికి రక్తం కనపడడం, వీటికి ఏ వీడియో కాల్ కోసమూ ఆగకండి. 108 రెండు రాష్ట్రాల్లోనూ ఉంది.