నాట్యం నేర్చుకునేవాళ్లకి కేంద్ర స్కాలర్‌షిప్: చిన్నప్పుడే తీసుకోవాలా, పద్దెనిమిది దాటాకా?

కూచిపూడో భరతనాట్యమో నేర్చుకునే పిల్లలకు కేంద్ర సాంస్కృతిక శాఖ స్కాలర్‌షిప్పులు ముఖ్యంగా రెండు. రెండూ ఆ శాఖ కింద పనిచేసే సీసీఆర్‌టీ (సెంటర్ ఫర్ కల్చరల్ రిసోర్సెస్ అండ్ ట్రైనింగ్) ద్వారానే వస్తాయి. మొదటిది కల్చరల్ టాలెంట్ సెర్చ్, 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు. రెండోది యంగ్ ఆర్టిస్ట్స్ స్కాలర్‌షిప్, 18 నుంచి 25 ఏళ్లవాళ్లకు.

పైకి చూస్తే రెండోదే ఘనం. నెలకు 5,000 చొప్పున రెండేళ్లు, అంటే 1,20,000. మొదటిదాంట్లో ఏడాదికి 3,600, దానిపైన గురువుకి కట్టిన ట్యూషన్ ఫీజులో గరిష్ఠంగా 9,000 వెనక్కి ఇస్తారు. అన్నీ కలిపినా 12,600 దాటదు. అరంగేట్రం ఖర్చు ముందు ఇది చిల్లరే. కానీ ఇది రెన్యువల్ అవుతూ 20 ఏళ్లదాకా, లేదా మొదటి డిగ్రీదాకా సాగుతుంది. పదకొండో ఏట వచ్చి తొమ్మిదేళ్లు నడిస్తే 1,13,400. ఇప్పుడు తేడా ఎంత?

అందుకే పిల్లకి ఇంకా 14 దాటకపోతే మొదటిదానికే పెట్టండి. పెద్దయ్యాక చూద్దామనుకుంటే, ఈ రెండు పథకాల మధ్య 14 నుంచి 18 వరకు ఖాళీ. సరిగ్గా పదో తరగతి పేరు చెప్పి డాన్సు మాన్పించే వయసు అది.

మొదటిదాంట్లో డబ్బు పోయేది ఫీజు దగ్గరే. దసరాకి తాంబూలంలో పెట్టిచ్చిన దక్షిణకి రసీదు ఉండదు, రసీదు లేని రూపాయి వెనక్కి రాదు. విద్యార్థి పేరు, ఏ నెల ఫీజు, ఎంత, గురువు సంతకం, ఇవన్నీ ఉన్న రసీదు నెలనెలా తీసుకోండి. ఏడాది చివర ఒకేసారి రాయించుకుందామంటే గురువుకీ ఇబ్బందే. ఆధార్‌లో, స్కూలు రికార్డులో, పాస్‌బుక్‌లో ఇంటిపేరు ఒకే తీరుగా ఉందో లేదో దరఖాస్తుకి ముందే చూసుకోవాలి. తోలుబొమ్మలాట, బుర్రకథ లాంటి సంప్రదాయ కళల కుటుంబాల పిల్లలకు ఇందులో విడిగా కోటా ఉంది. చాలామంది దాన్ని వదిలేసి జనరల్‌లో పోటీ పడతారు, అనవసరంగా.

ఇక రెండోదానికి కనీసం అయిదేళ్ల శిక్షణ చూపించాలి. మధ్యలో గురువు మారితే ఇద్దరి దగ్గరా ‘ఎప్పటి నుంచి ఎప్పటి వరకు’ అని తేదీలతో ఉత్తరాలు తీసుకోండి. ఎంపికలో ఒక్క ఐటమ్ బాగా ఆడితే గట్టెక్కుతామనుకోవద్దు. తాళం వేస్తూ జతి (తాళానికి పలికే సొల్లుకట్టు) చెప్పమన్నా, అడవులు (నాట్యంలో మొదట నేర్పే మూల అడుగులు) మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో చూపమన్నా తడబడకూడదు. వచ్చాక రోజుకి మూడు గంటల సాధన నిబంధన ఉంది. డబ్బు ఆరు నెలలకోసారి 30,000 చొప్పున నాలుగు విడతల్లో ఇస్తారు. గురువు సంతకంతో ప్రగతి నివేదిక వెళ్లకపోతే విడత అక్కడే ఆగుతుంది. ఇంజినీరింగ్ చదువుతూ శని, ఆదివారాలే క్లాసుకి వెళ్లేవాళ్లకి ఇది సరిపడదు.

నాటకం వాళ్లకీ రెండోది వర్తిస్తుంది. అయితే డిగ్రీ అయి, మూడేళ్లు ఢిల్లీలో ఉండగలిగితే నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాయే మేలు. చదువుతోపాటు నెలనెలా స్టైపెండ్ ఉంటుంది. ప్రవేశానికి కనీసం ఆరు నాటకాల్లో పాల్గొని ఉండాలి. కాబట్టి ఊళ్లో పరిషత్తు పోటీల్లో వేసిన వేషమైనా సరే, కరపత్రం పారేయొద్దు.