నంది కొండ ఎక్కించిన 11-34 క్యాసెట్

బెంగళూరు దగ్గర నంది హిల్స్ మీద అమెచ్యూర్ సైకిల్ రేసుకి మా టీమ్ నలుగురం వెళ్లాం, దానికోసమే వెనక చక్రానికున్న పాత 11-28 క్యాసెట్ (గేర్ల పళ్ల చక్రాల గుత్తి, చిన్నదానికి 11 పళ్లు, పెద్దదానికి 28) తీసేసి షిమానో 105 రకం 11 గేర్ల 11-34 క్యాసెట్ వేయించాను. ముందు చిన్న చైన్‌రింగ్ (పెడల్ దగ్గరి పళ్ల చక్రం) కూడా 34 పళ్లే కాబట్టి ఆఖరి గేర్‌లో పెడల్ ఒక్కసారి తిరిగితే చక్రం ఒక్కసారే తిరుగుతుంది, అంటే సుమారు 2.1 మీటర్లు. పాతదానిలో అదే తిప్పుకి రెండున్నర మీటర్లు పోవాలి, ఆ తేడా మోకాళ్లకి తెలుస్తుంది.

ఏడు కిలోమీటర్ల పైచిలుకు ఎక్కుడులో సగం దాటేసరికి నాకు ఊపిరి ఆడలేదు. ముందున్న అన్న వేగం తగ్గించి "నా చక్రం వదలకు తమ్ముడూ, నెమ్మదిగా తొక్కు" అన్నాడు. చెమట గడ్డం మీంచి హ్యాండిల్ టేప్ మీద టపటపా పడుతోంది. నలభయ్యో మలుపు దగ్గర కూడా కాలు కింద పెట్టలేదు, అది ఈ క్యాసెట్ పుణ్యమే.

చదును రోడ్డు మీద మాత్రం ఇబ్బందే. 11 తర్వాత 13, ఆ తర్వాత 15, మధ్యలో ఏమీ లేవు, గుంపులో తొక్కేటప్పుడు సరైన గేర్ దొరకదు. కొనేముందు వెనక డిరైల్యూర్ (చైన్‌ని గేర్ మార్చే భాగం) పొడుగు కేజ్‌దో, అంటే కింద వేలాడే చట్రం పొడుగుదో కాదో చూసుకోండి, పొట్టిది 30 పళ్ల వరకే. 11-స్పీడ్ రోడ్ హబ్ (చక్రం నడిమి భాగం) అయితే 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ (ఖాళీ నింపే రింగ్) తప్పనిసరి. నాకు బిగించిన షాపులో పాత చైన్‌నే ఉంచేశారు, అది చాలక పెద్ద రింగ్‌లో బిగుసుకుపోయింది, రేసుకి రెండు రోజుల ముందు ఎంత టెన్షనో! చైన్ కూడా కొత్తది, సరిపడా పొడవున్నది వేయించుకోండి.