బట్టలు ఆరకపోతే ఏది మేలు: వెంట్ డ్రయ్యరా, వాషర్ డ్రయ్యరా, హీట్ పంపా?

మన ఇళ్లలో డ్రయ్యర్ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. సెమీ ఆటోమేటిక్ మెషిన్‌లో పక్కనుండే పిండే తొట్టినీ డ్రయ్యర్ అనే అంటాం, వేడిగాలితో ఆరబెట్టే యంత్రాన్నీ అలాగే అంటాం. మొదటిది నీటిని పిండుతుందే గాని బట్టను పూర్తిగా ఆరబెట్టదు కనుక, దానిలోంచి తీసిన దుప్పటి చెమ్మగా ఉందని మెకానిక్‌ను పిలిపించడం వృథా ఖర్చు. ఇక్కడ పోల్చేది వేడిగాలి యంత్రాలను. వాటిని కొనేటప్పుడు ధరనూ, ఎన్ని కిలోలు పడతాయన్నదానినీ చూసినంత శ్రద్ధగా, అది ఆరబెట్టడం మానేసిన రోజున కారణం మనకు దొరుకుతుందా లేదా అన్నది చూడం. నా దృష్టిలో ఎంపికను తేల్చవలసింది ఆ ప్రశ్నే.

యంత్రాన్ని అనుమానించే ముందు చిన్న లెక్క ఒకటి చూడాలి. లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 0.65 యూనిట్ల కరెంటుకు సరిపడే వేడి కావాలి. 5 కిలోల నూలు బట్టలను నిమిషానికి 800 చుట్ల వేగంతో పిండితే వాటిలో సుమారు మూడున్నర లీటర్ల నీరు మిగులుతుంది, 1,400 చుట్ల వేగంతో పిండితే రెండున్నర లీటర్లే మిగులుతుంది. 2,000 వాట్ల హీటరు ఏ నష్టమూ లేకుండా పనిచేసినా ఆ మూడున్నర లీటర్లను ఆవిరి చేయడానికి గంటకు పైగా పడుతుంది కాబట్టి, నలభై నిమిషాల ప్రోగ్రాం పెట్టి బట్టలు ఆరలేదనడం న్యాయం కాదు. దీనికి లోవోల్టేజీ తోడైతే పరిస్థితి ఇంకా దిగజారుతుంది: 230 వోల్టులు రావలసిన చోట 200 వస్తే హీటరు ఇచ్చే వేడి నాలుగింట మూడు వంతులకు పడిపోతుంది. డ్రమ్ము మాత్రం మామూలుగానే తిరుగుతూ ఉంటుంది గనుక ఎవరికీ అనుమానం రాదు.

వెంట్ డ్రయ్యర్ పాతకాలపు పద్ధతి. గదిలోని గాలిని వేడిచేసి, బట్టల మీదుగా పంపి, తడిగాలిని నాలుగంగుళాల గొట్టం ద్వారా బయటికి నెట్టేస్తుంది. దీని గొప్పతనమంతా రోగం బయటికి కనిపించడంలో ఉంది. యంత్రం నడుస్తుండగా గొట్టం బయటి కొస దగ్గర చెయ్యి పెడితే సగం సంగతి తేలిపోతుంది. గాలి వేడిగా ఉన్నా బలహీనంగా వస్తుంటే నూగు అడ్డుపడిందనో, యంత్రం వెనుక గొట్టం నలిగిందనో, పిట్ట గూడు కట్టిందనో అర్థం. గాలి జోరుగా వస్తూ చల్లగా ఉంటే హీటరో, వేడి మితిమీరితే కాలిపోయి హీటరును ఆపేసే థర్మల్ ఫ్యూజో పోయిందన్నమాట. ఈ ఫ్యూజు విషయంలో మెకానిక్‌లు చేసే పొరపాటు ఒకటి చెప్పుకోవాలి: గొట్టం పూడిపోయి లోపల వేడి పెరిగితేనే అది సాధారణంగా కాలిపోతుంది, కాబట్టి గొట్టం శుభ్రం చేయకుండా ఫ్యూజు మాత్రం మారిస్తే కొద్దిరోజుల్లో కొత్తదీ పోతుంది. పేరుకున్న నూగు నిప్పంటుకునే సరుకు గనుక ఈ శుభ్రత బట్టల కోసమే కాదు, ఇంటి కోసం కూడా.

అమెరికాలోని మన కుటుంబాలకు ఇంకొక కారణం కూడా తెలిసి ఉండాలి. అక్కడి కరెంటు డ్రయ్యర్లలో హీటరుకు 240 వోల్టులు కావాలి, మోటారుకు 120 చాలు. జంట బ్రేకర్‌లో ఒక వైపు పోతే డ్రమ్ము తిరుగుతుంది, వేడి పుట్టదు.

మన అపార్ట్‌మెంట్లలో వెంట్ డ్రయ్యర్‌కు ఎదురయ్యే చిక్కు వేరు. గొట్టం బయటికి తీయడానికి గోడకు రంధ్రం పెట్టనివ్వరని, దాన్ని అద్దాలు బిగించిన యుటిలిటీలోనే వదిలేస్తారు. ముసురు పట్టిన రోజున ఆ మూడున్నర లీటర్ల నీటి ఆవిరి అదే గదిలో తిరిగి, అదే యంత్రంలోకి పోయి, బట్టలకు ముక్కవాసనే మిగులుస్తుంది.

ఉతకడం, ఆరబెట్టడం రెండూ ఒకే డ్రమ్ములో చేసే వాషర్ డ్రయ్యర్ స్థలం ఆదా చేస్తుంది, నా ఓటు మాత్రం దానికి లేదు. 8 కిలోలు ఉతికే యంత్రం ఆరబెట్టేది తరచుగా 5 కిలోలే, అంటే ఉతికినవాటిలో కొన్ని తీసేసి దండెం మీద వేయాలి. ఈ రకంలో చాలావాటికి ఆవిరిని నీరుగా మార్చడానికి చన్నీళ్లు కావాలి. ఉతుకు అయిపోగానే కుళాయి కట్టేసే మంచి అలవాటున్న ఇంట్లో బట్టలు ఆరకపోవడానికి అదే కారణం కావచ్చు. ఎండాకాలంలో పైట్యాంకు నుంచి కాగిన నీళ్లు వచ్చినా పని మందగిస్తుంది, నీటి ట్యాంకర్లు కొనుక్కునే వీధుల్లో ఆ నీరు కాలువపాలు కావడం మరో బాధ. వీటిలో చాలావాటికి విడిగా నూగు జల్లెడ కూడా ఉండదు, లోపలి దారి పూడితే విప్పవలసిందే.

హీట్ పంపు యంత్రం గొట్టం లేకుండా, ఫ్రిజ్జు సూత్రంతో, తక్కువ వేడితో ఆరబెడుతుంది. కరెంటు దాదాపు సగానికి తగ్గుతుంది, సమయం పెరుగుతుంది. వెంట్ డ్రయ్యర్‌కు అలవాటుపడినవారు ఆ ఆలస్యాన్నే లోపమనుకుంటారు. బట్టల్లోంచి వచ్చిన నీరు చేరే ట్యాంకు నిండడం, నూగు జల్లెడ మూసుకోవడం మనం సరిచేసుకోగలిగేవి. జల్లెడ మీద కుళాయి నీరు పోస్తే కిందికి దిగకుండా నిలిచిందంటే బట్టలు మెత్తబడడానికి ఉతుకులో పోసే సాఫ్ట్‌నర్ జిడ్డు పట్టిందని గుర్తు, సబ్బు నీళ్లతో బ్రష్షు పెట్టి కడగాలి. అదే జిడ్డు డ్రమ్ములోని చెమ్మ గుర్తించే లోహపు పట్టీల మీద పేరుకుంటే యంత్రం పొరబడి ముందే ఆగిపోతుంది. టైమర్ మీద నడిపితే ఆరి, ఆటోమేటిక్‌లో ఆరకపోతే ముందుగా ఆ పట్టీలనే తుడవాలి. ఫ్రిజ్జులో లాగా లోపల తిరిగే గ్యాసు కారితే మాత్రం మన చేతిలో ఏమీ లేదు, ఖర్చూ పెద్దదే.

బయటి గోడ అందుబాటులో ఉంటే వెంట్ డ్రయ్యర్‌కే నా మొగ్గు. గోడ లేనివారికి, వారంలో నాలుగైదుసార్లు వాడేవారికి హీట్ పంపు మేలు. అయితే కొన్ని నమూనాలలో ఆవిరిని చల్లబరిచి నీరుగా మార్చే భాగం, అంటే కండెన్సర్, తనంతట తానే శుభ్రమవుతుందని చెప్పి దానిని పూర్తిగా మూసేస్తారు, అక్కడ పేరుకున్న నూగును ఇంటివారు తీయలేరు. షోరూమ్‌లో ధర అడగక ముందే కింది తలుపు తెరిపించి, కండెన్సర్ దాకా చెయ్యి పోతుందో లేదో చూసుకోవాలి.